ఎనిమిది గంటలు పక్కన కూర్చునేదెవరు?

ఎండీఎంఏ అన్న పేరు తెలుగు పాఠకులకు పరిచయమైంది నేరవార్తల పేజీలో. ఫలానా పబ్బులో ఇన్ని గ్రాములు దొరికింది, ఫలానా కొరియర్ పార్శిల్‌లో ఎల్‌ఎస్‌డీ బ్లాట్లు పట్టుబడ్డాయి, ఇంతమందిని రిమాండ్‌కు పంపారు. ఇప్పుడు అవే పేర్లు ఆరోగ్యం పేజీలోనూ కనబడుతున్నాయి. అమెరికాలో మాజీ సైనికుల పీడకలలు ఎండీఎంఏతో పోయాయని, ఆస్ట్రేలియాలో డాక్టర్లు చీటీ రాసి ఇస్తున్నారని చదివినవాళ్ళు, మెల్‌బోర్న్‌లోనో డాలస్‌లోనో ఉన్న పిల్లలు పంపిన వీడియోలు చూసినవాళ్ళు మానసిక వైద్యులను పదేపదే అడుగుతున్నారు: ‘అక్కడ వచ్చేసిందట కదా డాక్టరు గారూ, మన దగ్గరికి ఎప్పుడొస్తుంది?’ ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోవడానికి లేదు. అడిగే మనిషి ఇంట్లో ఏళ్ళ తరబడి కంటినిండా నిద్రలేనివాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు. అయితే ఆ ప్రశ్నలో ఒక పొరపాటు ఉంది. అమెరికా ఈ మందును ఒప్పుకోలేదు. ఆస్ట్రేలియా కొందరు డాక్టర్లకు రాసే అధికారం ఇచ్చింది. దాదాపు అవే పరిశోధనా ఫలితాలు ముందు పెట్టుకుని రెండు దేశాలు రెండు దారులు ఎందుకు పట్టాయో తెలుసుకుంటే, మన దారి ఏమిటో కొంత తేటపడుతుంది.

ఈ మందును పరీక్షించింది పీటీఎస్‌డీ అనే జబ్బుకు. పీటీఎస్‌డీ అంటే ఒక్క మాటలో, జరిగిపోయిన ఘోరం జరిగిపోకుండా ఉండిపోవడం. ప్రమాదం, అత్యాచారం, యుద్ధం, తుపాను, కళ్ళెదుట ఆప్తుల మరణం. అది ముగిసి ఏళ్ళు గడిచినా శరీరానికి ఆ సంగతి తెలియదు. తలుపు గట్టిగా పడితే ఉలిక్కిపాటు, అదే కల మళ్ళీ మళ్ళీ, ఆ దారిన వెళ్ళకపోవడం, ఆ మాట ఎత్తకపోవడం, కట్టుకున్నవాళ్ళ మీద, కన్నవాళ్ళ మీద కూడా మనసు మొద్దుబారిపోవడం. మన పల్లెల్లో ‘జడుసుకున్నాడు’ అంటారు, తాయెత్తు కట్టిస్తారు, దిష్టి తీస్తారు. భయం ఒక జబ్బు కాగలదని మన భాషకు ముందే తెలుసు. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల పోరాటం తర్వాత 1980లో గానీ అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన రోగనిర్ధారణ గ్రంథంలో దీనికి చోటివ్వలేదు. అంతకు మూడేళ్ళ ముందే, 1977 నవంబర్ 19న, దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడి పదివేల మందికి పైగా పోయారు. మిగిలినవాళ్ళలో ఎంతమంది గాలి హోరెత్తినప్పుడల్లా ఆ రాత్రిలోకి వెళ్ళిపోతూ బతికారో ఎవరూ లెక్క కట్టలేదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్‌.ఆర్‌. వెంకటాపురంలో విషవాయువు మధ్య పరుగులు తీసినవాళ్ళు, పట్టాల మీద నిలబడ్డ మనిషిని చూసి బ్రేకు వేసినా రైలు ఆపలేకపోయిన లోకోపైలట్లు, పొలంలో భర్త శవాన్ని మొదట చూసిన రైతుల భార్యలు, ఈ జబ్బు వీళ్ళందరి గుమ్మాల దాకా వచ్చేదే.

దీనికి ఇప్పుడున్న వైద్యం రెండు రకాలు. మాత్రలు ఒకటి. పీటీఎస్‌డీకని ప్రత్యేకంగా అమెరికా ఆహార ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించినవి సెర్ట్రాలిన్, పరాక్సెటిన్ రెండే. మొదటిది 1999లో, రెండోది 2001లో. ఆ తర్వాత పాతికేళ్ళలో కొత్తది ఒక్కటీ లేదు. రెండోది మాటల వైద్యం. ఎడ్నా ఫోవా రూపొందించిన పద్ధతిలో, తప్పించుకు తిరుగుతున్న జ్ఞాపకాన్ని రోగి భద్రమైన చోట కూర్చుని మళ్ళీ మళ్ళీ చెప్పుకుంటాడు. పట్రీషియా రెసిక్ పద్ధతిలో ‘తప్పంతా నాదే’ వంటి గట్టిపడిన నమ్మకాలను ఒక్కొక్కటిగా విప్పి చూస్తారు. కళ్ళ కదలికలతో చేసే ఈఎండీఆర్ ఇంకొకటి. ఇవి పనిచేస్తాయి, మాత్రలకన్నా మెరుగ్గా కూడా. కానీ అందరికీ కాదు. సైనికులపై జరిగిన అధ్యయనాలను సమీక్షించి 2015లో ‘జామా’లో వచ్చిన వ్యాసం, ఈ వైద్యం పూర్తయ్యాక కూడా మూడింట రెండు వంతుల మందిలో జబ్బు నిర్ధారణ అలాగే నిలిచిందని తేల్చింది. జ్ఞాపకాన్ని తాకడమే భరించలేక మధ్యలో మానేసేవాళ్ళు ఎక్కువ. మన దగ్గర జరిగేది ఇంకా అన్యాయం. నిద్ర పట్టడం లేదనగానే ఆల్‌ప్రజోలం రాసిస్తారు. పీటీఎస్‌డీలో ఈ జాతి మందులు వద్దని అమెరికా సైనిక వైద్య మార్గదర్శకాలు గట్టిగా చెబుతున్నాయి. జ్ఞాపకాన్ని ఎదుర్కొనే పనిని అవి వాయిదా వేస్తాయి, పైగా అలవాటు చేస్తాయి. కల్తీకల్లులో ఆల్‌ప్రజోలం కలిపి ప్రాణాల మీదికి తెచ్చిన తెలంగాణకు ఈ మందు సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు.

తలుపు తెరిచిన చరిత్ర

ఎల్‌ఎస్‌డీ వంటి సైకెడెలిక్ మందులతో గాయపడ్డ మనసుకు వైద్యం చేయాలన్న ఆలోచన నిన్నమొన్నటిది కాదు. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో, సాండోజ్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త ఆల్బర్ట్ హాఫ్‌మన్ 1938లో తయారుచేసిన ఎల్‌ఎస్‌డీ ప్రభావం 1943లో బయటపడింది. తర్వాతి ఇరవై ఏళ్ళు ఐరోపా, అమెరికా మానసిక వైద్యులు దాన్ని బాహాటంగానే వాడారు. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో యాన్ బాస్టియాన్స్ అనే ప్రొఫెసర్ నాజీ శిబిరాల నుంచి ప్రాణాలతో బయటపడ్డవాళ్ళకు ఎల్‌ఎస్‌డీ ఇచ్చి వైద్యం చేసేవాడు. ఆష్విట్జ్‌ను చూసి బతికిన రచయిత యెహియేల్ డినూర్, 1961లో జెరూసలేంలో నాజీ అధికారి ఐక్‌మన్ విచారణలో సాక్ష్యం చెబుతూ బోనులోనే స్పృహతప్పి పడిపోయాడు. ముప్పై ఏళ్ళు రాత్రులు పీడకలలతో గడిపి 1976లో బాస్టియాన్స్ దగ్గరికి వెళ్ళాడు. ఆ అనుభవాన్ని తర్వాత పుస్తకంగా రాశాడు. ఆ పుస్తకం చదివినవారెవరూ ఈ వైద్యాన్ని ఉత్త మత్తు వ్యవహారంగా కొట్టిపారేయలేరు. కానీ బాస్టియాన్స్ చేసిన లోపం కూడా పెద్దదే. దశాబ్దాల పాటు వైద్యం చేసినా, మందు తీసుకున్నవాళ్ళను తీసుకోనివాళ్ళతో పోల్చి చూపే క్రమబద్ధమైన పరిశోధన ఆయన మిగల్చలేదు. ఆయనతోనే ఆ పద్ధతి ముగిసిపోయింది. ఎంత గొప్ప వైద్యుడి అనుభవమైనా ఇంకొకరి చేతికి అందించేలా రుజువు చేయకపోతే జరిగేది అదే.

ఎండీఎంఏ కథ వేరు. జర్మనీలో మెర్క్ కంపెనీ 1912లోనే దాన్ని తయారుచేసి పక్కన పెట్టేసింది. 1970ల్లో కాలిఫోర్నియా రసాయన శాస్త్రవేత్త అలెగ్జాండర్ షుల్గిన్ మళ్ళీ చేసి, తెలిసిన థెరపిస్టులకు పరిచయం చేశాడు. వాళ్ళ గదుల్లోంచి అది నైట్‌క్లబ్బులకు పాకింది. 1985లో అమెరికా నిషేధించింది. వైద్యులకు అందుబాటులో ఉండే తరగతిలో పెట్టాలని విచారణ జరిపిన న్యాయాధికారి సిఫార్సు చేసినా మాదకద్రవ్యాల విభాగం పట్టించుకోలేదు. ఆ మరుసటి ఏడాదే రిక్ డాబ్లిన్ ‘మ్యాప్స్’ అనే సంస్థ పెట్టి, దీన్ని చట్టబద్ధమైన మందుగా నిరూపిస్తామని బయల్దేరాడు. అసలు సిసలు సైకెడెలిక్ కాదిది. ఎల్‌ఎస్‌డీలా లేని దృశ్యాలు చూపించడం దీని ముఖ్యగుణం కాదు. మెదడులో సెరటోనిన్‌ను ఒక్కసారిగా విడుదల చేస్తుంది, ఆక్సిటోసిన్ పెరుగుతుంది, భయాన్ని మోగించే అమిగ్డలా కాస్త నెమ్మదిస్తుంది. స్పృహ చెదరకుండానే మనిషికి ఎదుటివాళ్ళ మీద నమ్మకం, తన మీద తనకు జాలి కలుగుతాయి. తాకితే భగ్గుమనే జ్ఞాపకాన్ని ఆ కొన్ని గంటలు చేత్తో పట్టుకుని చూడగలుగుతాడన్నది దీని వెనకున్న సిద్ధాంతం.

పరిశోధనలో ఆ గంటలు ఎలా గడుస్తాయో చూడాలి, ఎందుకంటే మన చర్చకు కీలకం అక్కడే ఉంది. గది ఆస్పత్రి గదిలా ఉండదు. పరుపు, దుప్పటి, కళ్ళకు గంతలు, చెవుల్లో మాటల్లేని సంగీతం. ఉదయం ఒక గుళిక, గంటన్నర రెండు గంటలకు అందులో సగం మోతాదు మరొకటి. మధ్యమధ్య బీపీ, నాడి చూస్తారు. పళ్ళు బిగుసుకుంటాయి, ఒంట్లో వణుకు రావచ్చు. రోగికి అటొకరు ఇటొకరు ఇద్దరు థెరపిస్టులు కూర్చుంటారు. చాలాసేపు ఏమీ అడగరు. మనిషి ఏడిస్తే ఏడవనిస్తారు, మాట్లాడితే వింటారు. అలా ఎనిమిది గంటలు. మర్నాడు ఉదయం మళ్ళీ గంటన్నర. ఇటువంటి రోజులు నెలకొకటి చొప్పున మూడు. వాటికి ముందు సన్నాహక సమావేశాలు మూడు, తర్వాత మర్నాటివాటితో కలిపి తొమ్మిది, ఒక్కోటి గంటన్నర.

480 మిల్లీగ్రాములు, 84 గంటలు

దీన్ని లెక్కగట్టి చూద్దాం. మొత్తం కోర్సులో రోగి తీసుకునే ఎండీఎంఏ గరిష్ఠంగా 480 మిల్లీగ్రాములు. మన మాదకద్రవ్యాల చట్టం ఈ పదార్థానికి ‘స్వల్ప పరిమాణం’గా గుర్తించిన అర గ్రాము కన్నా అది తక్కువ. థెరపీ మాత్రం 42 గంటలు. ఇద్దరు థెరపిస్టులు కాబట్టి 84 పనిగంటలు. రద్దీగా ఉండే ఓపీలో రోగికి ఏడు నిమిషాలు చొప్పున వేస్తే, ఆ 84 గంటల్లో 720 మందిని చూడవచ్చు. మన దేశంలో లక్ష జనాభాకు సగటున ముప్పావు మంది సైకియాట్రిస్టు ఉన్నారు. కనీసం ముగ్గురు ఉండాలంటారు. సాధారణ మానసిక రుగ్మతలున్న వందమందిలో దాదాపు 85 మందికి ఏ వైద్యమూ అందడం లేదని నిమ్‌హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో జరిగిన జాతీయ సర్వే చెప్పింది. మందు రావడం ఒక ఎత్తు, ఆ 84 గంటలు రావడం ఇంకో ఎత్తు.

ఇక ఫలితాలు. 2021లో ‘నేచర్ మెడిసిన్’ పత్రికలో వచ్చిన మొదటి మూడోదశ పరీక్షలో 90 మంది ఉన్నారు. థెరపీతో పాటు ఎండీఎంఏ పొందినవాళ్ళలో 67 శాతం మందికి చివరికి పీటీఎస్‌డీ నిర్ధారణ వర్తించలేదు. అదే థెరపీతో ఉత్తుత్తి గుళిక పొందినవాళ్ళలో అది 32 శాతం. 2023లో వచ్చిన రెండో పరీక్షలో 104 మంది. అక్కడ 71.2 శాతం, 47.6 శాతం. దీర్ఘకాలంగా బాధపడుతున్నవాళ్ళలో ఇంత తేడా చూపిన చికిత్సలు మా రంగంలో అరుదు. ఎఫ్‌డీఏ అయితే 2017లోనే దీనికి ‘బ్రేక్‌త్రూ’ హోదా ఇచ్చి ఉంది. అందుకే అందరూ ఆమోదం ఖాయమనుకున్నారు.

2024 జూన్ 4న ఎఫ్‌డీఏ సలహా సంఘం కూర్చుంది. మందు పనిచేస్తుందనడానికి రుజువు చాలదని 9-2 తేడాతో, ప్రమాదాల కన్నా ప్రయోజనం ఎక్కువని చెప్పలేమని 10-1 తేడాతో ఓటు వేసింది. ఆగస్టు 9న ఎఫ్‌డీఏ, మ్యాప్స్ నుంచి పుట్టిన లైకోస్ కంపెనీ దరఖాస్తును తిప్పిపంపి, మరో మూడోదశ పరీక్ష చేసి రమ్మంది. కారణాలు గట్టివి. మొదటిది, ఎవరు ఏ గుళిక మింగారో ఎవరికీ తెలియకూడదన్నది పరీక్షకు ప్రాణం. రెండో పరీక్షలో అసలు మందు తీసుకున్నవాళ్ళలో 94 శాతం మంది, ఉత్తుత్తిది తీసుకున్నవాళ్ళలో 75 శాతం మంది తమకు అందిందేమిటో సరిగ్గానే ఊహించారు. ఏళ్ళుగా ఆశపడి వచ్చినవాళ్ళకు ‘నాకు అందలేదు’ అని తెలిసిపోవడం కూడా ఫలితాన్ని కిందికి లాగుతుంది. పాల్గొన్నవాళ్ళలో దాదాపు 40 శాతం మంది అంతకుముందే ఎక్కడో ఎండీఎంఏ రుచి చూసినవాళ్ళు. రెండోది, దుష్ప్రభావాల నమోదులో లోపాలు. మందు కలిగించే హాయిని అనుకూల అనుభవంగా భావించి రాసుకోకపోవడం అందులో ఒకటి. దుర్వినియోగ ప్రమాదాన్ని అంచనా వేయడానికి ఎఫ్‌డీఏకు అవసరమైంది సరిగ్గా ఆ సమాచారమే. ఈ చర్చలో ముందుకొచ్చిన మూడోది అన్నిటికన్నా బాధాకరం. కెనడాలో అంతకుముందు జరిగిన రెండోదశ పరీక్షలో, మందు ప్రభావంలో ఉన్న ఒక మహిళను ఇద్దరు థెరపిస్టులు మంచం మీద అదిమిపట్టి, కౌగిలించుకున్న వీడియో తర్వాత బయటికి వచ్చింది. ఆ కేంద్రంలో జరిగిన నైతిక ఉల్లంఘనల కారణంగా ‘సైకోఫార్మకాలజీ’ పత్రిక అదే ఆగస్టులో మూడు వ్యాసాలను ఉపసంహరించుకుంది. భయాన్ని కరిగించి నమ్మకాన్ని పెంచే మందు, నమ్మకూడని మనిషి ముందు కూడా ఆ పనే చేస్తుంది.

ఆస్ట్రేలియా మరో తూకం వేసింది. 2023 ఫిబ్రవరిలో ప్రకటించి, జులై 1 నుంచి పీటీఎస్‌డీకి ఎండీఎంఏను, ఇతర మందులకు లొంగని డిప్రెషన్‌కు సిలోసైబిన్ అనే సైకెడెలిక్‌ను ప్రత్యేక అధికారం పొందిన సైకియాట్రిస్టులు రాయవచ్చంది. మందును ఆమోదించలేదు. కొందరు డాక్టర్ల చేతికి, నైతిక కమిటీ పర్యవేక్షణలో, అప్పగించింది. బాధపడేవాళ్ళను పదేళ్ళు వేచి ఉండమనడం కూడా నైతికం కాదన్నది వాళ్ళ వాదన. ఆ వాదనలో బలం ఉంది. కానీ ఒక్కో రోగికి అయ్యే ఖర్చు 20 వేల నుంచి 30 వేల ఆస్ట్రేలియన్ డాలర్లు, మన లెక్కలో పది లక్షలు దాటుతుంది. దానిలో సింహభాగం మనుషుల సమయానికి. స్విట్జర్లాండ్ 2014 నుంచి వ్యక్తిగత అనుమతులతో కొద్దిమందికి ఇస్తోంది. కెనడా 2022లో ప్రత్యేక అనుమతి మార్గం తెరిచింది. నెదర్లాండ్స్ ప్రభుత్వ సంఘం 2024లో చికిత్సలో వాడకానికి మొగ్గు చూపింది. అమెరికాలో మాజీ సైనికుల సంఘాల ఒత్తిడి రెండు పార్టీల మీదా పనిచేస్తోంది. మాజీ సైనికుల వ్యవహారాల విభాగం 2024 చివర్లో, 1960ల తర్వాత మొదటిసారి, ఇటువంటి పరిశోధనకు సొంత నిధులు ప్రకటించింది. రాజకీయ ఉత్సాహం పరిశోధనకు డబ్బు తెస్తే మంచిదే. రుజువుకు బదులుగా వస్తేనే ప్రమాదం.

ఎవరూ చదవని అంకె

ఈ మొత్తం వాదోపవాదంలో అందరి కళ్ళూ 71 మీదే ఉన్నాయి. మనం చదవాల్సింది 47.6ను. ఉత్తుత్తి గుళిక మింగి, ఇద్దరు శిక్షణ పొందిన మనుషుల మధ్య 42 గంటలు గడిపినవాళ్ళలో దాదాపు సగం మందికి జబ్బు నిర్ధారణ పోయింది. ఇందులో కాలం చేసిన మేలు ఉండవచ్చు, పరీక్షలో ఉన్నామన్న ఆశ చేసిన మేలు ఉండవచ్చు. ఆ వాటాలు తీసేసినా కొంత మిగులుతుందనుకోవచ్చు. ఎండీఎంఏ చేసిన అదనపు మేలు ఎంతన్నది ఇంకా తేలాల్సిన లెక్క. వినే మనిషి చేసే మేలు ఎంతో కొంత ఇప్పటికే తేలిన లెక్క. మన రాష్ట్రాల్లో పీటీఎస్‌డీ ఉన్నవాళ్ళకు ఈ రెండిటిలో ముందు అందవలసింది ఏదో చెప్పడానికి పెద్ద చర్చ అక్కర్లేదు.

‘అంతంత సమయం పెట్టే థెరపిస్టులను ఎక్కడ తెస్తాం?’ అన్నది సహజంగా వచ్చే సందేహం. దీనికి సమాధానం అమెరికాలో వెతకడం దండగ. తూర్పు కాంగోలో దొరుకుతుంది. అక్కడ యుద్ధంలో లైంగిక హింసకు గురైన స్త్రీలకు, రెసిక్ పద్ధతిని బృందాలుగా కూర్చోబెట్టి స్థానిక సహాయకుల చేత చేయించారు. డాక్టర్లు కారు, మనస్తత్వ శాస్త్రంలో పీజీలు కారు, ఊరి భాష తెలిసిన శిక్షణ పొందిన కార్యకర్తలు. చదువురాని స్త్రీలు చాలామంది కాబట్టి, కాగితం మీద రాయాల్సిన అభ్యాసాలను నోటితో చెప్పుకునేలా మార్చారు. 2013లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్’లో వచ్చిన ఫలితం: ఆరు నెలల తర్వాత ఆ బృందాల్లో డిప్రెషన్ లేదా ఆందోళన కొనసాగినవాళ్ళు 9 శాతం, విడివిడిగా ఓదార్పు మాత్రమే పొందినవాళ్ళలో 42 శాతం. పీటీఎస్‌డీలోనూ ఇంచుమించు ఇదే తేడా. చుట్టూ తుపాకుల మోత ఆగని చోట వచ్చిన ఫలితమిది. మన దేశంలోనే గోవాలో విక్రమ్ పటేల్ బృందం, మామూలు స్థానికులకు శిక్షణ ఇచ్చి తీవ్రమైన డిప్రెషన్‌కు మాటల వైద్యం చేయించి, పనిచేస్తుందని 2017లో ‘లాన్సెట్’లో చూపింది. ఒడిశా సూపర్ సైక్లోన్, గుజరాత్ భూకంపం, సునామీ తర్వాత నిమ్‌హాన్స్ ఊళ్ళలోని కార్యకర్తలకే శిక్షణ ఇచ్చింది. అనుభవం ఉంది. మనం దాన్ని విపత్తు వచ్చినప్పుడు తీసి, నీళ్ళు తగ్గగానే అటక మీద పెట్టేస్తున్నాం.

అలాగని తలుపు పూర్తిగా మూసెయ్యాలనడం లేదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం, ఎన్‌డీపీఎస్, ఎండీఎంఏ పది గ్రాములు దాటితే పది నుంచి ఇరవై ఏళ్ళ జైలు విధిస్తుంది. ఆ కాఠిన్యానికి కారణాలున్నాయి. మూతపడ్డ ఫ్యాక్టరీల్లో దొంగచాటుగా మత్తు రసాయనాలు వండుతూ పట్టుబడిన ఉదంతాలు హైదరాబాద్ చుట్టుపక్కలే ఎన్నో. కానీ అదే చట్టం ఎనిమిదో సెక్షన్‌లో వైద్య, శాస్త్రీయ అవసరాలకు మినహాయింపు ఇచ్చింది. 1971 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం కూడా పరిశోధనకు వీలు కల్పించింది. మినహాయింపు కాగితం మీద ఉంటే చాలదని మార్ఫిన్ మనకు నేర్పింది. ఈ చట్టం వచ్చిన పన్నెండేళ్ళలో దేశంలో మార్ఫిన్ వైద్య వాడకం దాదాపు 97 శాతం పడిపోయింది. మార్ఫిన్‌ను ఎవరూ నిషేధించలేదు. ఒక్కో రాష్ట్రంలో అరడజను లైసెన్సులు, ఒక్కో లైసెన్సుకు ఒక్కో ఆఫీసు, ఏ చిన్న తేడా వచ్చినా జైలన్న భయం. ఎముకల్లోకి పాకిన క్యాన్సర్‌తో మనుషులు కేకలు పెడుతూ పోయారు. కేరళలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ వంటివాళ్ళు, హైదరాబాద్ ఎంఎన్‌జే ఆస్పత్రిలో ఉపశమన వైద్యం నిలబెట్టినవాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడితే 2014లో సవరణ వచ్చింది. మత్తు మీద భయంతో రోగిని మరచిపోయిన తప్పు మళ్ళీ చేయకూడదు. అందుకే రెండు మూడు ప్రభుత్వ బోధనా సంస్థలకు, ఒకే కిటికీలో అనుమతి ఇచ్చి, కొద్ది మోతాదులతో, గ్రాము గ్రాముకు లెక్కతో పరిశోధన చేయనివ్వాలి. క్లినిక్కుల్లో వాడకానికి మాత్రం, ఎఫ్‌డీఏ అడిగిన ఆ మరో పరీక్ష ఫలితాలు వచ్చేదాకా, ససేమిరా అనాలి.

పరిశోధనకైనా మన నేల మీద ఒక పాత గాయం ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో దాదాపు 14 వేల మంది బాలికలకు, ఎక్కువమంది గిరిజనులు, గర్భాశయ ముఖ క్యాన్సర్ టీకా వేశారు. కొందరు బాలికలు చనిపోయాక 2010 ఏప్రిల్‌లో ఆపించారు. మరణాలకు టీకా కారణం కాదని విచారణ చెప్పింది. కానీ తల్లిదండ్రులు సంతకం చేయాల్సిన సమ్మతి పత్రాల మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలున్నాయి. 2013లో పార్లమెంటరీ స్థాయీసంఘం తీవ్రంగా తప్పుపట్టింది. మామూలు టీకా విషయంలోనే సమ్మతి అలా ఉంటే, మనిషి మనసు మెత్తబడి ఎదుటివాళ్ళు ఏం చెప్పినా నమ్మే స్థితిలో ఎనిమిది గంటలు ఉంచే చికిత్సలో ఎంత జాగ్రత్త ఉండాలి? పైగా మన సమాజంలో డాక్టరు ముందు ‘వద్దు’ అనడం రోగికి అలవాటు లేదు. గురువులమని చెప్పుకుని ఆశ్రమాల్లో ఆడపిల్లలను లోబరుచుకున్నవాళ్ళ కేసులు కోర్టుల్లో ఉన్నాయి. పీటీఎస్‌డీ రోగుల్లో చాలామంది, నమ్మిన మనిషి చేతిలోనే దెబ్బతిన్న స్త్రీలు. కాబట్టి షరతులు మందు ప్రభావం మొదలయ్యే ముందే తేలాలి. తాకడం ఉంటుందా, ఉంటే ఎక్కడ, ఏ మాటతో ఆపించవచ్చు అన్నవి రోగి స్వయంగా తెలుగులో చెప్పి రికార్డు చేయించాలి. స్త్రీ రోగికి ఇద్దరిలో ఒకరైనా స్త్రీ ఉండాలి. ప్రతి సెషన్ వీడియో పరిశోధకుల చేతిలో కాకుండా స్వతంత్ర కమిటీ దగ్గర ఉండాలి. గుండె జబ్బు, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్ళను, సైకోసిస్ లేదా బైపోలార్ చరిత్ర ఉన్నవాళ్ళను పక్కన పెట్టాలి. ఇప్పటికే సెర్ట్రాలిన్ వంటివి వాడుతున్నవాళ్ళలో ఎండీఎంఏ ప్రభావం తగ్గుతుంది. పరిశోధనలో చేరాలని ఆ మాత్రలు హఠాత్తుగా మానేస్తే ఆత్మహత్యా ఆలోచనలు తిరగబెట్టవచ్చు. ఈ సంగతి రోగి ఇంట్లోవాళ్ళకు కూడా తెలియాలి.

ఇంకో తలుపు ఇప్పటికే తెరుచుకుని ఉంది, దాని మీద మాత్రం చర్చ లేదు. మత్తు డాక్టర్లు ఆపరేషన్ థియేటర్లో వాడే కెటమిన్‌ను మానసిక వైద్యంలో వాడటానికి కొత్త అనుమతి అక్కర్లేదు. డిప్రెషన్‌లో దానికి రుజువు ఉంది. పీటీఎస్‌డీలో న్యూయార్క్ పరిశోధకుల చిన్న అధ్యయనాలు ఆశ కలిగిస్తే, అమెరికా సైనికులపై 2022లో వచ్చిన పెద్ద అధ్యయనం మామూలు సెలైన్ కన్నా మెరుగేమీ కాదని చెప్పింది. నగరాల్లో ‘సైకెడెలిక్ థెరపీ’ అని బోర్డు పెట్టి కెటమిన్ డ్రిప్పులు అమ్మే వ్యాపారం వేళ్ళూనుకోకముందే, ఏ జబ్బుకు, ఎంత మోతాదు, ఏ పర్యవేక్షణలో అన్న నిబంధనలు వైద్య మండళ్ళు రాయాలి.

రాష్ట్ర ప్రభుత్వాలు ఢిల్లీ వైపు చూడకుండా చేయగల పని ఒకటుంది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996 నుంచి కాగితం మీద ఉంది. టెలిమానస్ 14416 నంబరు 2022 నుంచి మోగుతోంది, కానీ ఫోన్ పెట్టేశాక పంపడానికి జిల్లాలో ట్రామా థెరపీ తెలిసినవాళ్ళు లేకపోతే ఆ నంబరు ఏం చేస్తుంది? జిల్లాకు ఇద్దరు క్లినికల్ సైకాలజిస్టులకు ఫోవా, రెసిక్ పద్ధతుల్లో శిక్షణ ఇప్పించి, వాళ్ళ చేత ఇరవై మంది నర్సులకు, ఏఎన్‌ఎంలకు, మహిళా పోలీసులకు నేర్పించి, వారంవారం కేసులు కూర్చుని మాట్లాడుకునే ఏర్పాటు చేయాలి. రాత పనులను కాంగోలో చేసినట్టు నోటి మాటల్లోకి, దివిసీమలో పలికే తెలుగులోకి, ఆదిలాబాద్‌లో పలికే తెలుగులోకి, గోండి, కోయ భాషల్లోకి మార్చాలి. రేపు ఎండీఎంఏ పరీక్షల్లో నెగ్గి వస్తే దాన్ని ఇవ్వాల్సింది ఈ మనుషుల మధ్యలోనే. ఓడిపోతే, కోలుకునే ఆ సగం మంది కోలుకునేది కూడా వీళ్ళ మధ్యలోనే. కృష్ణా, కోనసీమ, విశాఖ జిల్లాలతో, అక్టోబర్ తుపానుల కాలం రాకముందే, మొదలుపెట్టవచ్చు.